బ్రిక్స్టన్ కుర్రాళ్లకు జపనీస్ గొంతు: స్లాంగ్ అనువాదకుల వేటలో ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి మొదటి వారం

లండన్‌లోని ఒక చిన్న గేమ్ టీమ్ నుంచి స్క్రిప్టు చేతికొచ్చింది. దాన్ని ఇంగ్లిష్ నుంచి జపనీస్‌లోకి తెప్పించాలి. నేనుండేది టోక్యోలో, నిషికసాయిలో. బయటి దేశాల గేమ్‌లను జపాన్ మార్కెట్టుకు సిద్ధం చేసే చిన్న ఆఫీసులో కోఆర్డినేటర్‌ని. అనువాదం నేను చేయను. చేయగలిగినవాళ్లను పట్టుకోవడం, వాళ్లకు కావలసిన సమాచారం అందించడం, వచ్చిన పనిని సరిచూపించడం నా బాధ్యత.

కథ దక్షిణ లండన్‌లోని బ్రిక్స్టన్‌లో జరుగుతుంది. పదిహేడేళ్ల ముగ్గురు స్నేహితులు, ఒక వేసవి, మూతపడబోతున్న ఒక రికార్డుల షాపు. వాళ్లలో ఒకడి అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు జమైకా నుంచి వచ్చినావిడ. గేమ్‌లో డబ్బింగ్ లేదు. మాటలన్నీ తెర మీద అక్షరాలుగానే వస్తాయి కాబట్టి నటుడి గొంతు సాయం చేయదు. మనిషి ఎలాంటివాడో రాత ఒక్కటే చూపించాలి.

ఆ పిల్లలు మాట్లాడేదాన్ని భాషాశాస్త్రవేత్తలు మల్టీకల్చరల్ లండన్ ఇంగ్లిష్ అంటారు. 1948లో ఎంపైర్ విండ్‌రష్ ఓడ దిగిన కరీబియన్లలో తలదాచుకునే చోటు లేనివాళ్లను క్లాపమ్ సౌత్ భూగర్భ షెల్టర్‌లో ఉంచారు. వాళ్లకు దగ్గరలో ఉద్యోగాలు చూపించే ఆఫీసు బ్రిక్స్టన్‌లోని కోల్డ్‌హార్బర్ లేన్‌లో ఉండేది. అలా చాలామంది ఆ చుట్టుపక్కలే స్థిరపడ్డారు. వాళ్లతో వచ్చిన జమైకా పాట్వా మాటలు లండన్ వీధుల్లో కలిసిపోయి, ఇప్పుడు ఏ దేశపు మూలాలున్న పిల్లల నోటైనా వినిపిస్తాయి. పలకరింపుకు 'వాగ్వాన్'. తమ కుర్రగుంపుకు 'మ్యాన్‌డెమ్'. 'బేర్' అంటే బోలెడు. 'పెంగ్' అంటే చూడగానే నచ్చేసేది. 'వేస్ట్‌మ్యాన్' మనకు చెప్పక్కర్లేదు, 'వేస్ట్‌గాడు' అని మన దగ్గరా ఉంది. 'పీక్' మాత్రం తిరగబడుతుంది. మన కుర్రాళ్లకు 'పీక్స్' అంటే తారస్థాయి, లండన్ పిల్లవాడు 'పీక్' అన్నాడంటే ఖర్మ కాలిందని. 'అలౌ ఇట్' అంటే అనుమతి ఇమ్మని కాదు, 'లైట్ తీస్కో' అని.

లండన్ టీమ్ అడిగింది ఒక్కటే: "స్లాంగ్ స్పెషలిస్టును పెట్టండి."

ఫిబ్రవరి రెండో వారం

జపాన్‌లో అనువాదకులను వెతకడానికి చోట్లకు కొదవలేదు. 1985లో మొదలైన జపాన్ అసోసియేషన్ ఆఫ్ ట్రాన్స్‌లేటర్స్‌కు సభ్యుల డైరెక్టరీ ఉంది. జపాన్ ట్రాన్స్‌లేషన్ ఫెడరేషన్ 'హొన్యాకు కెంతే' అనే పరీక్ష నడుపుతుంది. అమెరికన్ ట్రాన్స్‌లేటర్స్ అసోసియేషన్ ఇంగ్లిష్ నుంచి జపనీస్‌కు సర్టిఫికెట్ ఇస్తుంది. అనువాదకులు తమ వివరాలు పెట్టుకునే ప్రోజ్ సైట్‌లోనైతే ప్రత్యేకతల జాబితాలో స్లాంగ్ అనే విభాగమే ఉంది.

కానీ ఆ విభాగంలో టిక్కు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పేటెంట్లు, మందులు, కాంట్రాక్టులు చేసేవాళ్లు కూడా దాన్ని చివర్లో తగిలిస్తారు. పరీక్షలు, సర్టిఫికెట్లు మంచివే. అయితే అవి నిరూపించేది మూలం సరిగ్గా అర్థమైందా, జపనీస్ శుభ్రంగా ఉందా అన్నది. పదిహేడేళ్ల కుర్రాడి మాట శుభ్రంగా ఉండకూడదు కదా. రెండు ఏజెన్సీలకు రాస్తే "మా దగ్గర అన్ని రంగాలవాళ్లూ ఉన్నారు" అని వెంటనే జవాబొచ్చింది. స్క్రిప్టులో ఒక పేజీ కూడా చూడకుండానే ధర చెప్పారు. వాళ్లను పక్కన పెట్టాను.

అప్పుడు వెతికే దారి మార్చుకున్నాను. స్లాంగ్ బాగా చేసేవాళ్లు తమను తాము స్లాంగ్ అనువాదకులని చెప్పుకోరు. వాళ్లు సబ్‌టైటిళ్లు, కామిక్స్, గేమ్‌లు, పాటల సాహిత్యం చేసేవాళ్లుగా కనబడతారు. కాబట్టి మనుషుల జాబితాలు చూడటం మానేసి, పనులు చూసి వాటి వెనక పేర్లు పట్టుకోవాలి. జపాన్‌లో దీనికొక మంచి సౌకర్యం ఉంది. విదేశీ సినిమా అయిపోయాక సబ్‌టైటిల్ రాసినవాళ్ల పేరు తెర మీద వేస్తారు. విదేశీ పాటల సీడీ జపాన్ ఎడిషన్‌లో చాలాసార్లు ఒక చిన్న పుస్తకం ఉంటుంది. అందులో పాటలకు జపనీస్ అనువాదం, 'తైయకు' అంటారు, దాని కింద చేసినవాళ్ల పేరు.

అలా రెండు సాయంత్రాలు షిన్‌జుకులో పాత సీడీలు అమ్మే షాపుల్లో గడిచాయి. హిప్‌హాప్, జమైకా రెగే, లండన్ ర్యాప్‌లో ఒక రకమైన గ్రైమ్ సీడీల వెనక పుస్తకాలు తిరగేసి, నచ్చిన అనువాదాల పేర్లు రాసుకున్నాను. ఇది నెమ్మదిగా సాగే పనే. అయినా ఒక్కో పుస్తకం ఒక పరీక్ష పేపరుతో సమానం. పైగా అది నాకోసం రాసింది కాదు, నిజంగా డబ్బు పెట్టి కొన్నవాళ్ల కోసం రాసింది.

ఫిబ్రవరి చివర

రెగే అల్మారా దగ్గరే అసలు దారి దొరికింది.

జమైకా సంగీతానికి జపాన్‌లో గట్టి పునాది ఉంది. యోకోహామాలో 1991లో మొదలైన మైటీ క్రౌన్ అనే సౌండ్ సిస్టమ్ బృందం, అంటే పెద్ద స్పీకర్లతో రెగే పాటలు వేసేవాళ్లు, 1999లో న్యూయార్క్‌లో జరిగిన వరల్డ్ క్లాష్ పోటీలో గెలిచింది. 2002లో ఒక జపాన్ యువతి జమైకాలోనే డ్యాన్స్‌హాల్ క్వీన్ పోటీ గెలిచింది. ఈ అభిమానుల మధ్య పాట్వా మాటలు, విదేశీ మాటలు రాసే కతకనా లిపిలో, ఎప్పటి నుంచో తిరుగుతున్నాయి. 'బైబుసు' అనే మాట, అంటే 'వైబ్స్', జపాన్ కుర్రకారు అందరి నోటా ఉంది. షిబుయా అమ్మాయిలు 'బైబుసు అగారు', అంటే హుషారొస్తోంది, అంటుంటే దానికి జమైకాతో సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

అంటే మన స్క్రిప్టులో ఉన్న మాటల్లో సగం అప్పటికే జపాన్‌లో కాపురం పెట్టి ఉన్నాయి. వాటితో పెరిగిన అనువాదకులు ఎక్కడో ఉండాలి. రెగే పాటల తైయకు చేసిన పేర్లు నాలుగైదు పట్టుకుని, వాళ్ల ద్వారా మరికొందరిని అడిగాను. వాళ్లతో పాటు అనువాదకుల కోసం నడిచే అమేలియా నెట్‌వర్క్‌లో ప్రకటన ఇచ్చాను. సబ్‌టైటిల్ కోర్సులు చేసినవాళ్ల నుంచి కూడా దరఖాస్తులు వచ్చాయి.

మార్చి మొదటి వారం

బూతుల గురించి లండన్‌తో వీడియో కాల్.

వాళ్ల భయం న్యాయమైనదే. 1987 నాటి 'ఫుల్ మెటల్ జాకెట్' సినిమాకు జపాన్‌లో మొదట సబ్‌టైటిళ్లు రాసింది అక్కడ అందరికంటే పేరున్న అనువాదకురాలు తోదా నత్సుకో. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ వాటిని తిరిగి ఇంగ్లిష్‌లోకి చేయించుకుని చూశాడు. ట్రైనింగ్ సార్జెంటు బూతులు మెత్తబడిపోయాయని వాటిని తీసేయించాడు. ఆ పని చివరకు హరాదా మసాతో చేతికి వెళ్లింది. ఆయన వృత్తి అనువాదం కాదు, సినిమా దర్శకత్వం. పాత్రల చేత మాట్లాడించడం తెలిసిన మనిషి.

తోదాగారిని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. జపనీస్ సబ్‌టైటిళ్లలో సెకనుకు 4 అక్షరాలే అన్నది పాత లెక్క. సార్జెంటు ఊపిరి తీసుకోకుండా తిట్టే తిట్లు అందులో పట్టవు. మాకు ఆ సెకన్ల బాధ లేదు, ఆటగాడు బటన్ నొక్కేదాకా మాట తెర మీదే ఉంటుంది.

లండన్‌వాళ్లు మాకూ అదే పరీక్ష పెట్టమన్నారు: జపనీస్‌ను మళ్లీ ఇంగ్లిష్‌లోకి చేయించి పంపండి, చూస్తాం. నేను ఒప్పుకోలేదు. బూతు మాయమైతే ఆ పద్ధతి పట్టిస్తుంది, సరే. కానీ జపనీస్‌లో 'నేను' అనడానికి ఒరె, బొకు, వతాషి, అతాషి, జిబున్, ఉచి, వాషి ఇలా ఎన్నో ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో మనిషి. ఇంగ్లిష్‌లోకి తిరిగి వెళ్లగానే అన్నీ ఒకే అక్షరంగా మారిపోతాయి. 'షిరనాయి' అన్నా 'షిరనే' అన్నా 'నాకు తెలీదు' అనే అర్థం. మొదటిది ఎవరైనా అనగలరు, రెండోది మొరటుగా మాట్లాడేవాడి నోటి నుంచే వస్తుంది. తిరుగు అనువాదంలో రెండూ ఒకటే. అంటే స్లాంగ్‌లో మనకు కావలసింది ఏదో అదే అందులో జారిపోతుంది.

జపనీస్‌లో తిట్టే తీరే వేరు. ఇంగ్లిష్‌లోలాగా ఒక బూతుమాటను వాక్యంలో ఎక్కడంటే అక్కడ గుచ్చడం కుదరదు. కోపం క్రియ చివర్లోకి వెళ్తుంది. 'యగరు' అని క్రియకు తగిలిస్తే చాలు, ఎదుటివాడి మీద ఎంత మంటగా ఉందో తెలిసిపోతుంది. 'నువ్వు' అనడంలో 'ఓమయె' కంటే 'తెమే' ఘాటు. ఇవి తెలియకుండా స్క్రిప్టులోని ప్రతి బూతుకూ 'కుసో' అని వేసుకుంటూ పోతే పాత్రలన్నీ ఒకే మనిషిలా వినిపిస్తాయి. ఇదంతా చెప్పాక లండన్‌లో రైటరు కాసేపు ఆలోచించి, "అయితే మీ పరీక్ష ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

రేటింగు సంగతి కూడా మాట్లాడుకున్నాం. జపాన్‌లో గేమ్‌లకు సెరో అనే సంస్థ 2002 నుంచి వయసు రేటింగు ఇస్తోంది: ఏ, బీ, సీ, డీ, జెడ్. జెడ్ అంటే 18 నిండినవాళ్లకే. వాళ్లు చూసేవాటిలో భాష, భావజాలం అనే వర్గం ఒకటుంది. ఇక్కడ మామూలు తిట్టు కంటే వైకల్యం మీద, పుట్టుక మీద వేసే మాట ఎక్కువ ఇబ్బంది. అలాంటి మాటల జాబితా ముందే తయారుచేసి అనువాదకులకు ఇవ్వాలని రాసుకున్నాను.

మార్చి మూడో వారం

పరీక్ష పేజీ సిద్ధమైంది. డబ్బు ఇచ్చి చేయించే పరీక్ష. ఊరికే చేసిపెట్టమని అడిగితే మంచివాళ్లు రారు, రావాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు.

బస్సు పై అంతస్తులో ముగ్గురు స్నేహితుల గొడవ ఒక భాగం. ఇందులో ఒక కుర్రాడు తన గురించి చెప్పుకుంటూ 'నేను' అనే బదులు 'మ్యాన్' అంటాడు. లండన్ యాసలో అది నిజంగానే సర్వనామంలా నడుస్తుంది. అమ్మమ్మ ఫోన్‌లో మనవడిని కేకలేయడం రెండో భాగం. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం. పోలీసు ఆపి జేబులు వెతికే సన్నివేశం. అంతసేపూ స్నేహితులతో వీధి భాషలో మాట్లాడిన అబ్బాయి ఆఫీసరు ముందు ఒక్కసారిగా పుస్తకాల ఇంగ్లిష్‌లోకి మారిపోతాడు. అతను వెళ్లగానే మళ్లీ తన భాషలోకి. భయం, తెలివి, అలవాటు, మూడూ ఆ మార్పులోనే ఉన్నాయి.

దిద్దే పద్ధతి ఇలా పెట్టాను. వచ్చిన జపనీస్‌లో పాత్రల పేర్లు తీసేస్తాం. మా ఆఫీసులో పార్ట్‌టైమ్ చేసే కాలేజీ పిల్లలు మూలం చూడకుండా, జపనీస్ మాత్రమే చదివి, ఏ మాట ఎవరిదో చెప్పాలి. తర్వాత పైకి చదవాలి. నోరు తిరగక ఆగిన చోటల్లా గీత గీస్తాం. అర్థం తప్పిందా లేదా అన్నది వేరేగా, బ్రిక్స్టన్‌లోనే పుట్టి పెరిగి జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పే ఒకాయన చూస్తాడు.

ఏప్రిల్ మొదటి వారం

పేపర్లు వచ్చాయి. చదువుతూ ఉంటే స్లాంగ్ అనువాదం ఎన్ని రకాలుగా చెడగలదో బాగా తెలిసింది.

పన్నెండేళ్లుగా టెక్నికల్ మాన్యువళ్లు చేస్తున్న ఒకాయన పేజీలో అర్థం ఒక్కటీ తప్పలేదు. ముగ్గురు కుర్రాళ్లూ మాత్రం బ్యాంకు కౌంటర్లో మాట్లాడుతున్నట్టున్నారు. ఇంకొకావిడ దీనికి సరిగ్గా ఎదురు. ప్రతి వాక్యంలో తాజా మాట ఒకటి ఉండాల్సిందేనన్నట్టు 'పియెన్', 'చిరుయి', 'కుసా' అన్నీ కుమ్మరించింది. 'పియెన్' సాన్‌సేదో నిఘంటువువాళ్లు 2020కి కొత్త మాటగా ఎంచినది, 'చిరుయి' 2021కి. మా కాలేజీ పిల్లలు 'పియెన్' దగ్గరకు రాగానే ముఖముఖాలు చూసుకున్నారు. ఇప్పుడు ఎవరూ అనడం లేదట. గేమ్ విడుదలయ్యేసరికి ఇంకా పాతబడుతుంది. మూడో ఆయన 'పెంగ్' అన్న చోట 'మబుయి' రాశాడు. అది షోవా కాలపు, అంటే 1989కి ముందు నాటి, పోకిరీల మాట. ఇలాంటివాటిని ఇక్కడ 'షిగో', చచ్చిన మాటలు, అంటారు. పాతికేళ్ల నిఘంటువు ముందు పెట్టుకుని చేసినట్టుంది.

ఒక పేపరు మెషీన్ చేసిందని మొదటి పేరాలోనే తేలిపోయింది. 'అలౌ ఇట్' దగ్గర అనుమతి ఇవ్వమని ఉంది, 'పీక్' దగ్గర శిఖరం ఉంది. అంతకంటే ముఖ్యంగా, ఒకే కుర్రాడు ఒక లైన్లో 'దెసు, మసు' అని మర్యాదగా, తర్వాతి లైన్లో మొరటుగా మాట్లాడుతున్నాడు. ఆ పేపరును వెనక్కి పంపాం.

ఒసాకా నుంచి వచ్చిన పేజీ మాత్రం మమ్మల్ని చాలాసేపు కూర్చోబెట్టింది. ముగ్గురికీ కన్సాయ్ యాస, అంటే ఒసాకా ప్రాంతపు మాట. 'మెచ్చా', 'అకన్', 'నన్‌దె యానెన్' గలగలా పారుతున్నాయి. చదవడానికి హాయిగా ఉంది, పిల్లలు నవ్వారు కూడా. కానీ కన్సాయ్ యాస వినగానే జపాన్ పాఠకుడికి హాస్యం మొదలవుతుందని అనిపిస్తుంది. పోలీసు సన్నివేశంలో ఆ అబ్బాయి భయపడుతుంటే కూడా వాళ్లు నవ్వబోయారు. బాగా రాసిన పేజీని వదులుకోవడం కష్టమైంది. అయినా వదిలేశాను.

చివరికి రెండు పేపర్లు మిగిలాయి. ఒకటి యోకోహామా నుంచి. ఆవిడ యాభై దాటిన మనిషి, రెగే పాటల తైయకు చాలా చేసింది. రెండోది సబ్‌టైటిల్ కోర్సు చేసి బయటికొచ్చి ఎక్కువ కాలం కాని ఒక కుర్రాడిది. ఈ ఇద్దరి పేజీల్లో కొత్త మాటలు ఆశ్చర్యపోయేంత తక్కువ. 'యాబాయి', 'మాజి' లాంటి, ఎప్పుడో పుట్టి ఇప్పటికీ బతికున్న మాటలతోనే నెట్టుకొచ్చారు. 'యాబాయి' ఒకప్పుడు దొంగల, సంతల్లో అమ్ముకునేవాళ్ల రహస్య మాటట, 'ప్రమాదం' అని. ఇప్పుడు రుచికరమైన కూర నుంచి రైలు తప్పిపోవడం దాకా దేనికైనా పనికొస్తుంది. స్లాంగ్ మాటల్లో లేదు, వాక్యం చివర్లలో, విరుపుల్లో, 'నేను' అన్న మాట ఎంపికలో ఉంది. పేర్లు తీసేసినా మా పిల్లలు ఒక్కో లైనూ ఎవరిదో చెప్పగలిగారు. పోలీసు ముందు అబ్బాయి మారిపోయే చోట యోకోహామా ఆవిడ నేరుగా 'దెసు'కు దూకలేదు. ముందు 'స్సు' అని, అంటే జూనియర్లు సీనియర్ల దగ్గర వాడే సగం మర్యాదతో మొదలుపెట్టి, ఆఫీసరు గొంతు పెంచాక పూర్తి మర్యాదలోకి తెచ్చింది. భయం పెరగడం అక్షరాల్లో కనిపించింది. ఆ పేజీ ప్రింటు తీసి మా ఆఫీసులో అందరికీ చూపించాను.

ఇద్దరినీ తీసుకున్నాం. ముఖ్య అనువాదకురాలు ఆవిడ. కుర్రాడు రెండో చేయి. ముగ్గురిలో అందరికంటే చిన్నవాడి మాటలు, ఫోన్ మెసేజ్‌లన్నీ అతనివి.

ఏప్రిల్ చివర

అమ్మమ్మ దగ్గర పని ఆగింది. ఆగాల్సిందే.

లండన్‌వాళ్ల నోట్‌లో "అమ్మమ్మది బలమైన యాస, పల్లెటూరి ధ్వని ఉండాలి" అని ఉంది. జపాన్‌లో దీనికొక పాత అలవాటుంది. పల్లెటూరి మనిషి అనగానే ఈశాన్య జపాన్‌లోని తోహోకు ప్రాంతపు యాసలాంటిది వేసేయడం. అమెరికా దక్షిణాది నవలల పాత అనువాదాల్లో నల్లజాతి బానిసల చేత అలాగే మాట్లాడించేవాళ్లు. అది నిజమైన తోహోకువాళ్ల మాట కాదు, పుస్తకాల కోసం కల్పించిన యాస. ఒసాకా యూనివర్సిటీలో పనిచేసిన కిన్‌సుయి సతోషి అనే భాషాశాస్త్రవేత్త ఇలాంటివాటికి 'యకువరిగో' అని పేరు పెట్టి 2003లో పుస్తకం రాశారు. పాత్రను బట్టి తగిలించే భాష అని. ముసలి ప్రొఫెసరు 'వాషి' అనడం, చివర 'జ' అనడం అలాంటిదే. నిజజీవితంలో ప్రొఫెసర్లెవరూ అలా మాట్లాడరు.

మాది హనుమకొండ. మా ఊరి మాటను తెరమీద రౌడీ అనుచరుడికో, నవ్వించే పనిమనిషికో ఇచ్చి, హీరోకు మాత్రం పుస్తకాల తెలుగు ఇచ్చిన సినిమాలు చూస్తూ పెరిగినవాణ్ని నేను. మా అమ్మమ్మ మాట్లాడిన తెలుగులో నవ్వాల్సింది ఏమీ లేదు. ఆ మాటతోనే ఆమె పొలం పంచాయితీలు తీర్చింది. ఈ స్క్రిప్టులోని అమ్మమ్మ కూడా అలాంటి మనిషే. నర్సుగా పనిచేసింది, ఇల్లు కొనుక్కుంది, చర్చిలో నలుగురికీ పెద్దదిక్కు. ఆమె నోట్లో కల్పించిన పల్లెటూరి యాస పెడితే జపాన్ ఆటగాడికి అమాయకపు ముసలమ్మ కనిపిస్తుంది. ఇదంతా లండన్‌కు ఉత్తరంలో వివరంగా రాశాను. ఇంత పట్టుబట్టి ఏ క్లయింటుకూ ఎప్పుడూ రాయలేదు.

యోకోహామా ఆవిడతో మీటింగ్‌లో ఇదే అడిగాను. ఆవిడ అప్పటికే ఆలోచించి ఉంచింది. "యాస వేయను. పెద్దింటి ముసలావిడ మాట్లాడే నిండైన జపనీస్ వేస్తాను, వాక్యాలు చిన్నవి చేస్తాను. జమైకా మాటలు కొన్ని మాత్రం అలాగే ఉంచుతాను, పైన రూబితో" అంది. రూబి అంటే కాంజి, అంటే చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని సూచించే అక్షరం, నెత్తిన చిన్నగా వేసే ఉచ్చారణ. ఉదాహరణకు అమ్మమ్మ మనవడిని 'పిక్నీ' అంటుంది, పాట్వాలో 'పిల్లవాడు' అని. కింద 'పిల్లవాడు' అనే కాంజి, పైన కతకనాలో 'పికునీ'. చదివేవాడికి అర్థమూ ధ్వనీ ఒకేసారి అందుతాయి. తర్వాత మూడో అధ్యాయంలో మనవడు తన చెల్లెలిని 'పికునీ' అని పిలుస్తాడు, ఈసారి కాంజి లేకుండా. అంతకుముందు అమ్మమ్మ దగ్గర ఆ మాట చూసిన ఆటగాడికి అదెక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. లండన్ పిల్లల స్లాంగ్ వెనక అమ్మమ్మల మాట ఉందన్న చరిత్ర అంతా అక్కడ పలుకుతుంది. విన్నాక నాకు మాట రాలేదు.

సామెత దగ్గర కూడా ఆవిడ నిర్ణయం నచ్చింది. అమ్మమ్మ ఒకచోట జమైకా సామెత చెబుతుంది: ఒక్కొక్క చేమదుంప వేస్తూ పోతే బుట్ట నిండుతుందని. రెండో అనువాదకుడు దుమ్ము పేరుకుంటే కొండ అవుతుందనే జపనీస్ సామెత పెట్టాడు. సరిపోయే సామెతే. ఆవిడ మాత్రం బుట్టను, దుంపను వదలలేదు. ఆ పక్క సన్నివేశంలోనే అమ్మమ్మ మార్కెట్లో బుట్ట పట్టుకుని ఉంటుంది మరి.

చిక్కు ఒక్కటే, లండన్‌వాళ్ల గేమ్ ఇంజన్‌లో రూబి వేసే సదుపాయం లేదు. ప్రోగ్రామరు చేర్చిపెడతానన్నాడు.

మే

ఇప్పుడు పని నడిచే తీరు రాసిపెడుతున్నాను, ఇలాంటి ప్రాజెక్టు చేసేవాళ్లకు పనికొస్తుంది.

స్లాంగ్ అర్థం చెప్పే మనిషి వేరు, జపనీస్‌లో మాట్లాడించే మనిషి వేరు. రెండూ ఒకరిలో దొరకాలని వెతికినన్నాళ్లూ ఎవరూ దొరకలేదు. బ్రిక్స్టన్ ఆయన షీట్‌లో ప్రతి మాటకూ అర్థంతో పాటు ఎవరు ఎవరితో అంటారు, ప్రేమగానా, వెక్కిరింతగానా, ఇప్పుడూ అంటారా, పెద్దవాళ్ల ముందు అనొచ్చా అని రాస్తాడు. గ్రీన్స్ స్లాంగ్ నిఘంటువు, జపాన్‌లో అందరూ వాడే ఎయిజిరో కూడా తెరిచి ఉంచుకుంటాం. కానీ 'ఈ కుర్రాడు ఇక్కడ నిజంగా కోప్పడ్డాడా?' అన్న ప్రశ్నకు వాటిలో జవాబుండదు.

పాత్రల షీట్ ఇంకొకటి. ఒక్కో పాత్ర తనను ఏమని చెప్పుకుంటుంది, మిగతా అందరినీ ఏమని పిలుస్తుంది, వాక్యం దేంతో ముగిస్తుంది, కోపంలో ఏం మారుతుంది. 'మ్యాన్' అనే కుర్రాడికి చాలా చర్చ తర్వాత మామూలుగా 'ఒరె', గొప్పలు పోయేటప్పుడు తన పేరుతోనే తనను చెప్పుకోవడం అని నిర్ణయించారు. ఈ షీట్ తయారీకి గంటల లెక్కన డబ్బు ఇచ్చాం. పదాల లెక్కన ఇస్తే ఇలాంటి స్క్రిప్టులో అన్యాయం. 'అలౌ ఇట్' రెండు పదాలే, దాని మీద ఒక పూట పోతుంది.

ఒప్పందాల విషయం చిన్నదే. 2024 నవంబరు 1 నుంచి జపాన్‌లో ఫ్రీలాన్సర్ల చట్టం అమలులో ఉంది. షరతులు రాతపూర్వకంగా ఇవ్వాలి, పని అందిన 60 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. అనువాదకుల ఫీజులో 10.21 శాతం పన్ను మేమే మినహాయించి కట్టాలి. కొత్త కుర్రాడికి ఇది ముందే చెప్పి ఉంచాను, చేతికొచ్చే మొత్తం చూసి కంగారు పడకుండా.

తెర మీద మాటల పెట్టె ఇంకో తలనొప్పి. జపనీస్‌లో పదాల మధ్య ఖాళీ ఉండదు, లైను ఎక్కడ విరవాలో మనిషే చూసుకోవాలి. చిన్న సైజు అక్షరాలు, సాగదీసే గీత, కామా, ఫుల్‌స్టాపు లైను మొదట్లో రాకూడదని నియమం. మామూలు రాతలో ఇది అప్పుడప్పుడే అడ్డం వస్తుంది. స్లాంగ్‌లో 'సుగే' అని సాగదీసిన ప్రతిచోటా ఆ చిన్న అక్షరాలే. అందుకే అనువాదకులిద్దరికీ గేమ్ టెస్టు బిల్డ్ ఇచ్చాం. రాసిన మాటను వెంటనే పెట్టెలో చూసుకుంటున్నారు.

జూన్ మొదటి వారం

మొదటి అధ్యాయం పూర్తయింది. కాలేజీ పిల్లలు పైకి చదివారు. బస్సు సన్నివేశంలో ఒక్కచోటే ఆగారు. అక్కడ కుర్రాడు మరీ సూటిగా క్షమాపణ చెబుతున్నాడు, జపాన్ కుర్రాళ్లు స్నేహితుడికి అంత నిండుగా 'గొమెన్' చెప్పరట. కింద చూస్తూ 'వరీ' అని గొణుగుతారట. మార్చాం. అమ్మమ్మ ఫోన్ దగ్గర ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి మాత్రం "ఈవిడంటే నాకు కొంచెం భయమేసింది" అంది. లండన్‌కు ఆ మాట అలాగే రాసి పంపాను. రైటరు సంతోషంతో ఫోన్ చేశాడు. పల్లెటూరి ధ్వని కావాలన్న నోట్ స్క్రిప్టు నుంచి తీసేశారు.

రూబి పనిచేస్తోంది, చిన్న స్క్రీన్ మీద మాత్రం మరీ సన్నగా పడుతోంది. ఫాంటు మార్చి చూడాలి.

రెండో అధ్యాయంలో రికార్డుల షాపు ఓనరు వస్తాడు. అరవై ఏళ్ల వయసు, కోపిష్టి, కుర్రకారు మాటలు కొన్ని తప్పుగా వాడతాడు. అతనికి 'వాషి' వద్దని ముందే రాశాను. అతను తప్పుగా వాడే ఆ మాటల కోసం 'మబుయి' రాసిన ఆయన్ను సలహాదారుగా అడుగుదామని యోకోహామా ఆవిడ అంటోంది. రేపు ఆయనకు ఫోన్ చేస్తాను.